సీతాఫలం జాకెట్టుకు నాలుగు స్టార్లు

మా ఇంటి మేడ మీది పోర్షన్‌లో అప్పట్లో కోస్తా నుంచి వచ్చిన ఒక జంట కిరాయికి ఉండేది. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు దిగి రెండు మలుపులు తిరిగితే మా గల్లీ. తెలంగాణ ఉద్యమం గట్టిగా నడుస్తున్న రోజులవి. బస్సులు తిరుగుతాయో తిరగవో పొద్దున టీవీ పెడితే గాని తెలిసేది కాదు. స్కూలు ఉందో లేదో, కూరగాయలు వస్తాయో రావో, అన్నీ ఆ టీవీయే చెప్పాలి. అలవాటైపోయి, బందు అంటే మేము పప్పు నానబోసుకునేవాళ్ళం.

పై పోర్షన్ అమ్మాయి మగ్గం పని చేసేది. మగ్గం అంటే బట్టలు నేసేది కాదు. నాలుగు కర్రల చట్రానికి జాకెట్టు గుడ్డ బిగించి, కొక్కెం ఉన్న సూదితో పైనుంచి పూసలూ జరీ కుట్టే పని. ఆ చట్రాన్ని రెండు స్టూళ్ళ మీద పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చునేది. పొద్దున నేను బట్టలారేయడానికి పైకి వెళ్ళినప్పుడు ఎలా వంగి ఉండేదో, సాయంత్రం తీయడానికి వెళ్ళినప్పుడూ అలాగే వంగి ఉండేది. మెయిన్ రోడ్డు మీది ఒక బొటిక్ వాళ్ళకు కుట్టి ఇచ్చేది. ఆమె కుట్టినవి అక్కడ అద్దాల వెనక బొమ్మలకు తొడిగి ఉండేవి. పైన పేరు మాత్రం బొటిక్‌ది.

ఆమె భర్త ఒక పైపుల కంపెనీలో లెక్కలు రాసేవాడు. కంపెనీ వాళ్ళు విజయవాడకు బదిలీ ఇస్తామన్నారు. ఆ సమయంలో అలా అడిగితే వద్దనేవాళ్ళు తక్కువ. ఆయనకు వెళ్ళిపోవాలని ఉంది. ఈమెకు లేదు.

"మా ఊళ్ళో అయితే ఏడాదికి నాలుగు పెళ్ళిళ్ళు పిన్నిగారూ. ఇక్కడ వీధికి నాలుగు. ఇక్కడుంటేనే నాకు పని," అనేది నాతో.

అదే సమయంలో ఆడవాళ్ళ కోసం నడిపే ఒక ఇంటర్నెట్ సైటు వాళ్ళు జాకెట్ల పోటీ పెట్టారు. ఎవరి జాకెట్టు ఫోటో వాళ్ళు పంపాలి, చూసినవాళ్ళు ఓట్లు వేయాలి. మొదటి బహుమతి ఎంబ్రాయిడరీ మిషను. కంప్యూటర్‌లో డిజైన్ పెడితే తనంతట తనే కుట్టే రకం. అది ఇంటికొస్తే ఆమెకు బొటిక్‌తో పని లేదు.

మెట్ల మీద కూర్చుని కరివేపాకు దూస్తూ ఆ సంగతి చెబుతుంటే భర్త పైనుంచి విన్నాడు. "సరే. మిషను వస్తే ఇక్కడే ఉండిపోదాం, నీ పేరుతో కొట్టు పెట్టుకో. రాకపోతే మాట్లాడకుండా సామాను సర్దు," అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. కానీ నెలాఖరులోగా కంపెనీకి జవాబు చెప్పాలని మా ఇద్దరికీ తెలుసు. ఆమె నవ్వలేదు. కరివేపాకు కాడలు కూడా గిన్నెలో వేసేసింది.

ఆమె పోటీకి పెట్టిన జాకెట్టు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టుంది. కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గర సీతాఫలాల గంపలు చూసి వచ్చి, అదే వీపు మీద కుట్టింది. నల్ల పట్టు మీద ఒకే ఒక్క పెద్ద సీతాఫలం. ఒక్కో కన్నూ లేత ఆకుపచ్చ పూసలతో ఉబ్బెత్తుగా, మధ్య సందుల్లో పండు విచ్చుకునేటప్పుడు కనబడే ఆ లేత గులాబీ రంగు దారం. చూస్తే చెయ్యి పెట్టి ఒత్తి చూడాలనిపించేది. నెమళ్ళూ ఏనుగులూ కుట్టినవాళ్ళను చూశాను గాని, పండును కుట్టినవాళ్ళను నేనైతే అంతకుముందు చూడలేదు.

ఫోటో ఎక్కించాక ఆమెకు కొత్త దిగులు పట్టుకుంది.

"ఈ గల్లీలో సగం మంది ఇక్కడివాళ్ళే కదా పిన్నిగారూ. నేను ఆంధ్రా అమ్మాయిని. ఈ గొడవల్లో నాకెందుకు వేస్తారు?"

"ఎందుకెయ్యరు బిడ్డా? అందరు నీతోని జాకెట్లు కుట్టిచ్చుకున్నోల్లే గదా. నేను చెప్త," అన్నాను.

చెప్పడం నాకు కష్టం కాదు. నీళ్ళ ట్యాంకర్ దగ్గర చెప్పాను, గుడి మెట్ల మీద చెప్పాను, పిండి గిర్నీలో చెప్పాను. ఆడవాళ్ళం బారు కట్టి గల్లీ మొదట్లో ఉన్న నెట్ సెంటర్‌కు వెళ్ళాం. దాన్ని నడిపేవాడు నడివయసు మనిషి, అన్నిటికీ ఓపిక. మాలో ఒకరికీ ఈమెయిల్ లేదు. ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి ఈమెయిల్ తీశాడు. పాస్‌వర్డ్ ఏం పెట్టాలమ్మా అంటే ఎవరూ చెప్పలేకపోయారు. అందరికీ ఒకటే పెట్టాడు.

మొదటి ఓటు మా అత్తమ్మది. అల్మాస్‌గూడ నుంచి కోడలిగా వచ్చిన మనిషి. అప్పుడక్కడ అన్నీ పొలాలే, ఇప్పుడు అన్నీ కాలనీలే. ఓటు అంటే ఆమె ఎప్పుడూ ముందుంటుంది. కంప్యూటర్‌లో జాకెట్టు కింద అయిదు ఖాళీ స్టార్లు కనిపించాయి.

"ఎన్ని ఇయ్యాలె అమ్మా?" అన్నాడు నెట్ సెంటర్ ఆయన.

"నాలుగియ్యి."

"ఎందుకమ్మా, మంచిగ లేదా?"

"మంచిగున్నది గనకనే నాలుగు. నిండుగ ఇస్తె కన్ను పడ్తది. వయసు పిల్ల, సూది పని. నీకు తెల్వదు, నాలుగియ్యి."

అత్తమ్మ పద్ధతి అంతే. పసిపిల్లకు స్నానం చేయించి పౌడరు రాస్తే బుగ్గన కాటుక పులిమితే గాని బయటికి తేనిచ్చేది కాదు. మా ఇల్లు కట్టినప్పుడు వెనక గోడలో ఒక మూల సున్నం వేయనివ్వలేదు. ఆ మూల ఇప్పటికీ అలాగే ఉంది. ఏదైనా సంపూర్ణంగా కనబడితే ఊరి కన్ను పడుతుందని ఆమె నమ్మకం. వెనక నిలబడ్డవాళ్ళు అది విన్నారు. విననివాళ్ళకు కూడా ఎవరూ చెప్పక్కర్లేదు, ఇళ్ళలో అందరూ చేసే పనే. ఇక్కడివాళ్ళూ, కోస్తావాళ్ళూ, ఒకరి తర్వాత ఒకరు కూర్చున్నారు, నాలుగిచ్చి లేచారు. నేనూ నాలుగే ఇచ్చాను. అమ్మాయికి మేలు చేశామనుకుంటూ ఇళ్ళకొచ్చాం. దారిలో ఒకామె, "ఇంతమందిమి ఏసినం, మిషను వచ్చినట్టే," అన్నది.

మరునాడు సాయంత్రం ఆ భర్త ఆఫీసు నుంచి వచ్చి పైకి వెళ్ళకుండా మా వాకిట్లోనే నిలబడ్డాడు.

"పిన్నిగారూ, మీతో ఒక మాట. నలభై మంది ఓట్లేశారు. పోటీలో అందరికన్నా ఎక్కువ ఓట్లు మా ఆవిడకే. అయినా జాకెట్టు ఎక్కడుందో తెలుసా? రెండో పేజీలో."

"అదేంది బాబు? మరి మొదట ఎవరున్నరు?"

"ఎల్బీనగర్ ఆవిడెవరో. ఆవిడకి తొమ్మిది ఓట్లు. తొమ్మిదికి తొమ్మిదీ అయిదు స్టార్లు. మనకి నలభైకి నలభై నాలుగే. ఒక్కరంటే ఒక్కరు అయిదివ్వలేదు. ఊరికే జరుగుతుందా అలా? మాట్లాడుకునే ఇచ్చారు. వాళ్ళ మనిషి కాదు కదా మరి."

అతను గొంతు పెంచలేదు. పెంచితే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. ఆ అమ్మాయి మెట్ల మీద నిలబడి వింటున్నది. నన్ను చూడటం లేదు.

మంచం మీద నుంచి అత్తమ్మ లేచి కూర్చుంది. "ఏందంట?"

చెప్పాను.

"పిచ్చోడా, దిష్టి తగలొద్దని ఒకటి ఇడిసిపెట్టినం. నీ పెండ్లాం బాగుండాల్నని."

"బాగుంది మామ్మగారూ. కంప్యూటర్‌కి కూడా దిష్టేనా?" అని అతను పైకి వెళ్ళిపోయాడు. నమ్మలేదని వీపు చూస్తేనే తెలిసింది.

కాసేపటికి ఆ అమ్మాయి ఫోన్ పట్టుకుని కిందికి వచ్చింది. ఆమె మేనత్త వనస్థలిపురంలో ఉండేది. ఆవిడ కూడా తన కొడుకు కంప్యూటర్‌లో ఓటేసింది. మేనత్తతో మాట్లాడుతూనే, మొగుడికి కూడా వినబడేలా మెట్ల మొదట్లో నిలబడి స్పీకర్ నొక్కింది.

"అత్తా, నువ్వు ఎన్ని స్టార్లిచ్చావే?"

"నాలుగు."

"అదేమిటి? నచ్చలేదా?"

"నచ్చకపోవడమేమిటే తల్లీ! మా ఆడపడుచుకి కూడా చూపించాను. అయిదుకి అయిదూ ఇచ్చేస్తే దిష్టి కాదూ? ఇంట్లోవాళ్ళమే అలా చేస్తే ఎలాగ?"

పైన తలుపు చప్పుడైంది. అతను విప్పిన చెప్పులు మళ్ళీ వేసుకుని దిగివచ్చాడు. మా అత్తమ్మ మంచం దగ్గర ఒక క్షణం ఆగాడు. "నెట్ సెంటర్‌కి వెళ్ళి రూల్స్ చదివొస్తా. మీరూ రండి పిన్నిగారూ," అన్నాడు. అదే క్షమాపణ అనుకుని నేను వెంట నడిచాను.

నేను అయిదో తరగతి కూడా పూర్తి చేయలేదు. కానీ ఆ రోజు నెట్ సెంటర్ ఆయన చెప్పిన లెక్క నాకు ఈ రోజుకీ గుర్తుంది.

"అక్కా, ఇది ఎలక్షన్ తీరు గాదు. ఎక్కువ మంది ఏస్తె గెలుసుడు ఉండదు. అందరు ఇచ్చినయి కలిపి మందికి పంచుతరు. నలభై మంది నాలుగిస్తె నాలుగే. నాలుగు వందల మంది ఇచ్చినా నాలుగే. ఆమెకు తొమ్మిది మందే, కని అందరు అయిదు. అందుకని అయిదు."

మజ్జిగ గుర్తొచ్చింది నాకు. పలచటి మజ్జిగ ఎన్ని చెంబులు పోసినా కుండ నిండుతుంది గాని చిక్కబడదు. మేము చేసింది అదే.

"ఇంకోటున్నది," అన్నాడాయన, తెర మీద వేలు పెట్టి. "ఈడ చూపిచ్చేది అసలు లెక్క గాదు. సగం సగం మీద ఆగుతది. నాలుగుంబావు దాటిందనుకో, నాలుగున్నర అని చూపెడ్తది. నాలుగుముప్పావుకు జర తక్కువున్నా నాలుగున్నరనే. చూపిచ్చింది ఇద్దరిదీ ఒక్కటే ఉంటే, అప్పుడు ఎవరికి ఓట్లు ఎక్కువుంటే ఆళ్ళు మీద."

భర్త లెక్కల మనిషి కదా, వెంటనే పట్టుకున్నాడు. "అంటే మనం నాలుగుంబావు దాటితే చాలు. నాలుగున్నర వాళ్ళందరికన్నా మనకే ఓట్లెక్కువ. పైన ఎల్బీనగర్ ఆవిడ ఒక్కతే మిగులుతుంది. ఆవిడ కూడా నాలుగున్నరకి దిగితే మనమే మొదట." కాగితం అడగకుండా వేళ్ళ మీద లెక్క చూసుకున్నాడు. ఇంకో పద్నాలుగు మంది కావాలి. పద్నాలుగు మందీ అయిదే ఇవ్వాలి. వేసినవాళ్ళు మళ్ళీ వేయడానికి లేదు. పోటీ ముగిసేది ఎల్లుండి సాయంత్రం.

గల్లీలో ఈ సంగతి తెలిసి ఒకామె ఉపాయం చెప్పింది. "గంత పరేషాన్ ఎందుకు? ఆ ఎల్బీనగర్ దానికి నలుగురం పోయి ఒక్కొక్క స్టారే కొడితే అదే కిందికొస్తది."

"వద్దక్కా," అన్నది పై పోర్షన్ అమ్మాయి. "వంగి కుట్టి కుట్టి ఆవిడ మెడ కూడా నా మెడలాగే లాగుతుంటుంది."

ఆ మాటతో అది అక్కడికి ఆగింది.

తీరా ఆ ఆఖరు రోజు బందు. పొద్దున టీవీ చెప్పింది. ఎల్బీనగర్ చౌరస్తా దగ్గర రోడ్డు మీద వంటలు పెట్టారట, బస్సులన్నీ డిపోల్లోనే ఉన్నాయి. అమ్మాయి ముఖం చిన్నబోయింది. అందరం బందు అంటే పని చెడిందనే అనుకున్నాం. టీ తాగుతూ నాకు తట్టింది, ఆడవాళ్ళందరూ ఓట్లేశారు, వేయనివాళ్ళు మగవాళ్ళు. మామూలు రోజైతే ఒక్కడు దొరకడు. ఇవాళ అందరూ ఇళ్ళలోనే బనీన్లు వేసుకుని కూర్చున్నారు.

నెట్ సెంటర్ షట్టర్ సగం దించి ఉంది. మగవాళ్ళు వంగి వంగి లోపలికి వెళ్ళారు. వాళ్ళకంటే ముందే వెళ్ళి అత్తమ్మ కంప్యూటర్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంది. కొంగులో రాళ్ళ ఉప్పు, ఎండు మిరపకాయలు.

"అయిదు ఇయ్యుండ్రి, నేనొద్దంటలేను. కని ఇచ్చినంక దిష్టి తీస్త. దిష్టి తియ్యకుంటె ఒక్కన్ని ఇయ్యనియ్య."

ఒక్కొక్కరు అయిదు నొక్కడం, అత్తమ్మ లేచి గుప్పిట ఉప్పు తెర మీది సీతాఫలం చుట్టూ మూడుసార్లు తిప్పడం. నెట్ సెంటర్ ఆయన ప్రాణం పోతున్నట్టు చూశాడు.

"అమ్మా, నీకు దండం పెడ్త. ఉప్పు కీబోర్డుల పడ్తది."

"పడితె దులుపుకో. పిల్లకంటె ఎక్కువనా నీ డబ్బ?"

పన్నెండు మంది అయ్యేసరికి మా గల్లీలో మగవాళ్ళు అయిపోయారు. ఇద్దరు తక్కువ. ఆ అమ్మాయి షట్టర్ బయట గోడకు ఆనుకుని నిలబడి ఉంది. భర్త గడియారం చూసుకుంటున్నాడు. వాళ్ళ కంపెనీకి జవాబు చెప్పే రోజు కూడా దగ్గరికొచ్చింది.

అంతలో మెయిన్ రోడ్డు వైపు నుంచి జెండాలు పట్టుకుని కుర్రకారు గల్లీలోకి వచ్చారు. జై తెలంగాణ అని అరుస్తూ, తెరిచి ఉన్న దుకాణాలు మూయిస్తున్నారు. ఇద్దరు షట్టర్ కింద నుంచి తొంగి చూశారు.

"అన్నా, బందు గదనే? షట్టర్ దించు."

"దించిన గదన్నా సగం."

"లోపల ఏంది గింత మంది?"

"ఓట్లేస్తున్రు."

"ఓట్లా! ఎవలకు?"

"జాకెట్‌కు," అన్నది అత్తమ్మ.

వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అత్తమ్మ దాచుకోలేదు, ఆమెకు దాచుకోవడం రాదు. "మా మీద కిరాయికుంటది, ఆంధ్ర పిల్ల. మిషను గెలుస్తె ఈడనే ఉంటది, లేకుంటె పోతది. మంచిగ కుడ్తది. ఇద్దరు తక్కువున్నరు."

గోడకానుకున్న అమ్మాయి చెంగు వేలికి చుట్టుకుంటున్నది. భర్త ఆమె పక్కకు జరిగి నిలబడ్డాడు.

ఆ ఇద్దరిలో పొడుగాయన జెండా కర్ర గోడకు ఆనించి వంగి లోపలికొచ్చాడు. తెర మీదికి కళ్ళు దగ్గరగా పెట్టి చూశాడు.

"సీతాఫలం గదనే ఇది!" అన్నాడు. తర్వాత, "ఎన్ని ఇయ్యాలె పెద్దమ్మా?"

"అయిదు. నేను దిష్టి తీస్త, నువ్వు కొట్టు."

ఆయన కొట్టాడు. రెండో ఆయన కూడా కొట్టాడు. కొట్టి, జెండా తీసుకుని, "షట్టర్ ఇంకింత దించన్నా, మల్ల ఎవలన్న వస్తరు," అని చెప్పి వెళ్ళిపోయారు.

పద్నాలుగో ఓటుతో మా జాకెట్టు కింద నాలుగు, నాలుగున్నర అయింది. రెండో పేజీ నుంచి మొదటి పేజీకి, పై నుంచి రెండో చోటికి వచ్చింది. మొదట మాత్రం ఎల్బీనగర్ జాకెట్టు. అయిదు.

ఇక చేసేదేమీ లేదు. మగవాళ్ళు వెళ్ళిపోయారు. అత్తమ్మ ఉప్పూ మిరపకాయలూ పొయ్యిలో వేయడానికి ఇంటికెళ్ళింది. మేము నలుగురం మిగిలాం. నెట్ సెంటర్ ఆయన మధ్య మధ్య పేజీని మళ్ళీ తెరుస్తున్నాడు. అయిదు. మళ్ళీ అయిదు. పోటీ ముగిసే ముందు ఇంకోసారి తెరిచాడు. మా సీతాఫలం పైన ఉంది. ఎల్బీనగర్ జాకెట్టు దాని కింద, నాలుగున్నర దగ్గర.

ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. భర్త మాత్రం తెర దగ్గరికి వంగి చాలాసేపు చూశాడు.

"నిజం లెక్క చూస్తే ఆవిడదే ఎక్కువ," అన్నాడు. "ఆవిడది నాలుగుముప్పావుకి రవ్వంత తక్కువ, మనది నాలుగుంబావుకి రవ్వంత ఎక్కువ. చూపించేటప్పుడు ఇద్దరినీ ఒకటి చేశాడు. ఓట్లు ఎక్కువని మనల్ని పైన పెట్టాడు."

"అయితే ఏమంటారు?" అన్నదామె.

"ఏమంటాను? ఉండిపోదాం అంటున్నాను."

మిషను వచ్చింది. మా మెట్ల మలుపు దగ్గర అది పైకి ఎక్కలేదు. మా ముందు గదిలోనే పెట్టించాను. దాని పక్కన టీవీ చిన్నగా కనిపించేది.

కొన్నాళ్ళకు ఒకామె వచ్చింది. చేతిలో కవరు. ఎల్బీనగర్ నుంచి వచ్చానన్నది. ఆమె కూడా ఆ బొటిక్‌కే కుట్టేదట, అక్కడ అడిగి మా ఇల్లు పట్టుకుంది. అమ్మాయి లేచి నిలబడింది. కొట్లాటకు వచ్చిందేమోనని నేను కూడా వంటింట్లోంచి వచ్చాను.

"మిషను చూద్దామని వచ్చిన," అన్నదామె. చుట్టూ తిరిగి చూసింది. "నాదే ఎక్కువుండె గదా అక్కా?"

"అవునండీ," అన్నది మా అమ్మాయి. "మీదే ఎక్కువ. మా ఆయన ఆ రోజే చెప్పారు."

ఆమె ఆ జవాబు అనుకోలేదేమో, కూర్చుంది. నీళ్ళిచ్చాను.

"ఆఖర్ల ఎవరు తగ్గిచ్చిన్రో తెలుసా? మీ గల్లీ వాళ్ళే కొట్టిన్రని మా ఆయన లొల్లి చేసిండు. తర్వాత తెలిసింది. మొదట ఏసినోళ్ళు మా ఆయన ఆఫీసోళ్ళు, అందరు అయిదిచ్చిన్రు. ఆఖరు రోజు మా అత్తగారి తరఫున తుర్కయంజాల్ నుంచి నలుగురు బందుల నడుసుకుంట వచ్చిన్రు. అంత దూరం నడిచొచ్చి నలుగురు నాలుగే కొట్టిన్రు. ఎందుకమ్మా అంటే, దిష్టంట!"

"మంచిగ జేసిన్రు," అన్నది మంచం మీది నుంచి మా అత్తమ్మ.

ఆమెకు మొదట కోపం వచ్చింది. తర్వాత నవ్వు వచ్చింది. ఆ నవ్వు మా అమ్మాయికి కూడా అంటుకుంది. ఎల్బీనగర్ ఆమె కవరులోంచి తన జాకెట్టు తీసి చూపించింది. ఎర్ర పట్టు మీద బియ్యపు గింజంత పూసలతో వరి కంకులు. గాలికి ఒకవైపు వంగినట్టు కుట్టింది. నాకైతే అదే బాగుందనిపించింది. ఆ మాట నేను పైకి అనలేదు. మా అమ్మాయే అన్నది. "నేనైతే మీకు అయిదు ఇచ్చేదాన్ని," అని.

"దిష్టి తీసెటోల్లు ఉన్నరుగా మీకు," అన్నదామె, అత్తమ్మ వైపు చూస్తూ.

ఆ తర్వాత పెద్ద పెళ్ళిళ్ళ పని వచ్చినప్పుడు ఆమె వారానికి రెండు రోజులు వచ్చి మిషను మీద కూర్చునేది. రాష్ట్రం వచ్చిందని గల్లీలో పటాకులు కాల్చిన రోజున కూడా మా ముందు గదిలో మిషను నడుస్తూనే ఉంది. మర్నాడు ఇవ్వాల్సిన పెళ్ళి జాకెట్లున్నాయి. భర్త ఆ చప్పుడులోనే టీవీ వినడానికి ప్రయత్నించి, చాతకాక బయటికెళ్ళి మిఠాయి తెచ్చాడు.

అత్తమ్మ పోయి ఇప్పటికి కొన్నేళ్ళు. ఆ అమ్మాయి తను కుట్టే ప్రతి జాకెట్టులో మెడ వెనక, తాళ్ళ ముడి కింద, ఒక పూస చోటు ఖాళీగా వదులుతుంది. ఎవరూ గమనించరు. మొన్న ఒక పెళ్ళికూతురి తల్లి మాత్రం కళ్ళజోడు పెట్టుకుని చూసి, "ఏమ్మా, ఇక్కడ ఒక పూస తక్కువుంది," అన్నది. అమ్మాయి సూది తీసి అక్కడికక్కడే పూస కుట్టి ఇచ్చింది.

ఇస్తూ, "ఇంటికెళ్ళాక కాస్త ఉప్పూ మిరపకాయలూ తిప్పండి అమ్మా, మర్చిపోకండి," అన్నది.